ఇంట్లో చీమల దండు: స్వయంబోధన పాఠాలు – రెండో భాగం: బారు వెంట వెళ్లడం, ఎర పెట్టడం

మొదటి భాగంలో మన ఇళ్లలోకి వచ్చే చీమలను రంగును, పరిమాణాన్ని, నడకను బట్టి వేరుచేయడం నేర్చుకున్నాం. దారీ తెన్నూ లేనట్టు అటూ ఇటూ పరుగెత్తే పొడుగు కాళ్ల నల్ల చీమ, కుట్టిన చోట బొబ్బ తెప్పించే ఎర్ర చీమ, చీకటి పడ్డాక తిరిగే గండు చీమ, సుమారు 2 మిల్లీమీటర్ల పొడవుతో కంటికి ఆనీ ఆననట్టుండే లేత పసుపు చీమ అని నాలుగు రకాలు చెప్పుకున్నాం. మీ ఇంట్లో ఉన్నది ఏదో తెల్ల కాగితం మీద పారదర్శక టేపుతో అంటించి, భూతద్దంతో చూసి తేల్చుకొనే ఉంటారు. తేల్చుకోనివారు ఆ పని ముగించిన తర్వాతే ఈ భాగంలోకి రావాలి, ఎందుకంటే ఇక్కడ చెప్పే పద్ధతిలో కొన్ని మార్పులు చీమ రకాన్ని బట్టి ఉంటాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చీమల దండు హఠాత్తుగా ఇంట్లోకి వచ్చే కాలం ముఖ్యంగా రెండు. ఎండలు 44 డిగ్రీల దాకా కాసే మే నెలలో చీమలు నీటి కోసం, చల్లదనం కోసం మోరి దగ్గరికి, కుండ కిందికి, స్నానాల గదిలోకి చేరుతాయి. మిరుగం, అంటే మృగశిర కార్తె దాటి తొలి వానలు పడగానే చల్క నేలల్లోని పుట్టల్లోకి నీరు దిగుతుంది. అప్పుడవి సంతానాన్ని నోట కరచుకొని ఎత్తయిన చోటు వెదుక్కుంటూ బయలుదేరుతాయి, వాటికి దొరికే ఎత్తయిన పొడి చోటు మన ఇంటి పునాదే. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి మడులను ఆనుకొని ఉన్న ఇళ్లకు నాట్ల సమయంలో కూడా ఇదే పరిస్థితి వస్తుంది, మడులన్నీ నీళ్లతో నిండాక వాటికి గట్లూ ఇళ్లే మిగులుతాయి. చీమలు గుడ్లు మోస్తే వాన వస్తుందని పెద్దలు చెప్పే మాటలో గమనిక ఉంది. అయితే అవి మోసే తెల్లని గింజల్లో ఎక్కువ భాగం గుడ్లు కావు, కాళ్లు లేని పిల్ల పురుగులూ గూటి దశలో ఉన్న పిల్లలూ. ఈ తేడా ఎందుకు అవసరమో ఎర దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇంతలో బారు కనబడింది. దాన్ని చూడగానే చీపురు తీసుకోవడం, స్ప్రే కొట్టడం, తడిగుడ్డతో తుడవడం అందరూ చేసే పని, సరిగ్గా ఆ పనినే మీరు కొంతసేపు ఆపుకోవాలి. ఆహారం వెదకడానికి వచ్చిన చీమ, తిండి దొరకగానే పొట్ట చివరను నేలకు ఆనిస్తూ ఒక వాసన ద్రవాన్ని గీతలాగా వదులుతూ పుట్టకు తిరిగి వెళుతుంది. మిగతావి ఆ వాసన పట్టుకొని వస్తాయి, వచ్చినవి మళ్లీ అదే దారిలో మరికొంత ద్రవం వదులుతాయి, అందుకే గంట క్రితం ఖాళీగా ఉన్న గోడ మీద ఇప్పుడు వందల చీమలు కనబడతాయి. ఆ దారిని ముందే తుడిచేస్తే పుట్ట ఎక్కడుందో చెప్పగలిగిన ఒకే ఒక ఆనవాలు పోతుంది. పైగా బయటికి వచ్చేవి పుట్టలోని పని చీమల్లో కొన్ని మాత్రమే. రాణీ, పిల్లలూ లోపల క్షేమంగా ఉన్నంతకాలం మీరు చంపిన వాటి స్థానంలో కొత్తవి వస్తూనే ఉంటాయి. లేత పసుపు చీమ విషయంలో స్ప్రే మరింత చేటు చేస్తుంది. దాని గుంపులో రాణులు చాలా ఉంటాయి. మందు వాసన తగలగానే గుంపు చీలి, ఒక్కో రాణితో ఒక్కో ముఠా వేరే గోడలోకి వెళ్లి కొత్త కాపురం పెడుతుంది. వంటింట్లో మొదలైన బెడద వారం తిరగకుండా పడకగదికి పాకడానికి చాలాసార్లు కారణం ఇదే.

మందుల గురించి ఒక మాట ఇక్కడే గట్టిగా చెప్పాలి. మన జిల్లాల్లో పత్తి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బా అడుగున ఎంతో కొంత మిగిలే ఉంటుంది, దాన్ని నీళ్లలో కలిపి ఇంటి కడప దగ్గర చల్లే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. పొలంలో ముఖానికి గుడ్డ కట్టుకొని వాడవలసిన మందును పిల్లలు పాకే బండల మీద చల్లడం ఎంత మాత్రం తగదు. అది బండల సందుల్లో, చాపల్లో, చెప్పుల కింద నిలిచిపోతుంది. వెనకటి రోజుల్లో ప్రతి ఇంట్లో చల్లిన గమాక్సిన్ పొడి, అంటే బీహెచ్‌సీ, మన దేశంలో 1997లోనే నిషేధానికి గురైంది. పాత డబ్బా ఏదైనా అటక మీద మిగిలి ఉంటే దాన్ని వాడకండి, ఇతరులకు ఇవ్వకండి. గీత గీసే చీమల మందు సుద్దముక్కలోనూ పైరెత్రాయిడ్ జాతి పురుగుమందు ఉంటుంది. అది బడి చాక్‌పీసులాగే కనబడుతుంది కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో అది ఉండకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక బారు వెంట వెళ్లే పని. ఎండ తగ్గిన తర్వాత, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య దీనికి అనువైన సమయం. గండు చీమలైతే ఇంకా ఆలస్యంగా చూడాలి. బారుకు పక్కగా చిటికెడు చక్కెరను రెండు చుక్కల నీటితో తడిపి పెట్టి, కదలకుండా కూర్చొని చూడండి. పావుగంటలో తాగి తిరిగి వెళ్లే చీమలకూ, ఇంకా తాగడానికి వస్తున్న చీమలకూ తేడా కనబడుతుంది. కడుపు నిండిన చీమ పొట్ట ఉబ్బి, పొట్ట మీది పలకలు విడివడి వాటి మధ్య పలుచని పొర మెరుస్తుంది. టార్చిలైటును పైనుంచి కాక నేలకు ఆనించి అడ్డంగా వేస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. మీరు పట్టుకోవలసింది ఆ కడుపు నిండిన చీమలనే. ఖాళీ చీమ ఎటైనా తిరుగుతుంది, నిండిన చీమ మాత్రం సూటిగా ఇంటిదారి పడుతుంది. అది వెళ్లే తోవలో మూరెడు దూరానికి ఒక పెన్సిల్ గుర్తు పెట్టుకుంటూ పోండి.

మన వైపు షాబాద్ బండలు పరిచిన ఇళ్లలో చీమ తరచుగా రెండు బండల మధ్య సున్నం రాలిన సందులోకి దిగి మాయమవుతుంది. అక్కడితో దారి అయిపోయిందని అనుకోవద్దు. అదే సందు గోడను కలిసే చోట, దర్వాజ చౌకట్టు అడుగున, మోరి గొట్టం గోడలోకి వెళ్లే రంధ్రం దగ్గర మళ్లీ పైకి తేలుతుంది. లేత పసుపు చీమలైతే స్విచ్చిబోర్డు వెనక, గోడ పగుళ్లలో కాపురముంటాయి. స్విచ్చిబోర్డు విప్పే పని కరెంటు మిస్త్రీకి వదిలేయండి, అందులో నీళ్లు గానీ ద్రవరూపంలో ఉన్న ఎర గానీ పడకుండా చూసుకోండి. బారు బయటికి వెళితే మీరూ బయటికి వెళ్లండి. చాలా ఇళ్లలో అది తులసి గద్దె అడుగుకో, పూలకుండీల కిందికో, వాకిట్లోని మందార చెట్టుకో చేరుతుంది.

మందార చెట్టు దగ్గర కొంచెంసేపు ఆగి చూడాలి. లేత చిగుళ్ల కింద తెల్లని దూదిలాంటి పిండినల్లి గానీ, ఆకుల అడుగున గుంపులుగా పేనుబంక గానీ ఉంటే, వాటి చుట్టూ చీమలు తిరుగుతూ మీసాలతో ఆ పురుగులను తడుముతుంటాయి. అప్పుడవి విడిచే తీపి చుక్కను చీమలు తాగుతాయి, బదులుగా వాటి శత్రువులను దగ్గరికి రానీయవు. చిక్కుడు పందిరి మీదా ఇదే జరుగుతుంది. ఇటువంటి చెట్టు వాకిట్లో ఉన్నంతకాలం వంటింటిని ఎంత శుభ్రంగా ఉంచినా చీమలకు తిండి కొరత రాదు. తలంటుకొనే కుంకుడు రసాన్ని గానీ పలుచని సబ్బు నీళ్లను గానీ ఆకుల అడుగు భాగానికి బాగా తగిలేలా నాలుగైదు రోజులకొకసారి కొట్టి, ఆ తర్వాత మామూలు నీళ్లతో కడిగితే పేనుబంక తగ్గిపోతుంది. బాగా ముదిరిన పిండినల్లి కొమ్మలను కోసివేయడమే సులువు.

పుట్ట ఉన్న దిక్కు తెలిసిన తర్వాత, ఎర పెట్టేముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. గట్టి అట్టముక్క మీద ఒక మూల బెల్లం పాకం, ఒక మూల పల్లీలు మెత్తగా నూరిన ముద్ద, ఇంకో మూల ఉడికిన గుడ్డు పచ్చసొన పెట్టి బారు పక్కన ఉంచండి. అరగంటకు దేని చుట్టూ ఎక్కువ చీమలు చేరాయో చూసి రాసుకోండి. దీని వెనక ఉన్న కారణం తెలుసుకోదగినది. ఎదిగిన చీమ ఘనాహారాన్ని మింగలేదు, ద్రవాన్ని మాత్రమే తాగగలదు. పొట్టలో ఒక సంచి తన కోసం, మరొకటి తోటివారి కోసం ఉంటుంది. ఆ రెండో సంచిలో నింపుకొచ్చిన ద్రవాన్ని నోటితో నోటికి పంచుతుంది. పప్పు, మాంసం, నూనె గింజల వంటి ఘనాహారాన్ని పిల్ల పురుగులకు అందిస్తే, అవి జీర్ణం చేసి మళ్లీ పెద్దవాటికి ఇస్తాయి. కాబట్టి పిల్లలు ఎక్కువగా ఉన్న పుట్ట పల్లీలకూ గుడ్డుకూ ఎగబడుతుంది, పిల్లలు తక్కువైనప్పుడు తీపికి మొగ్గుతుంది. ఎర్ర చీమలు నూనె వాసనకు ఎక్కువగా వస్తాయి. మీ చీమలకు ఈ వారం ఏది కావాలో అవే చెప్పాలి.

ఎరకు కావలసిన మందు బోరిక్ యాసిడ్ పొడి, ఇది మందుల దుకాణంలో దొరుకుతుంది. క్యారం బోర్డు పౌడర్ కొన్ని రకాల్లో ఇదే ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, కాబట్టి పొట్లం మీద రాసి ఉన్నది చదవకుండా దాన్ని వాడవద్దు. తీపి ఎరకు 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో 10 గ్రాముల చక్కెర, అంటే చిన్న చెంచాతో రెండు చెంచాలు, 1 గ్రాము బోరిక్ యాసిడ్, అంటే అదే చెంచాలో సుమారు పావు వంతు వేసి పూర్తిగా కరిగేదాకా కలపాలి. పల్లీల ముద్దకు కూడా నూరు పాళ్లకు ఒక పాలు మందే కలపాలి. మందు ఎక్కువైతే ఫలితం ఎక్కువ రాదు, తగ్గుతుంది. ఎర ఘాటుగా ఉంటే చీమ దాన్ని ముట్టదు, ముట్టినా పుట్టకు చేరకుండా దారిలోనే చస్తుంది. అది బతికి వెళ్లి, రాణి దాకా పంచాలన్నదే ఈ పద్ధతిలోని కీలకం.

ఎరలో దూది ముంచి, పాత సీసా మూతల్లో పెట్టి, మూతలను చిన్న రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి టేపు వేయండి. డబ్బా మీద 'విషం' అని పెద్ద అక్షరాలతో రాయండి. బోరిక్ యాసిడ్ ఉప్పులాగే, చక్కెరలాగే కనబడుతుంది, అందుకే దాని పొట్లాన్ని వంటింట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. కలపడానికి వాడిన గిన్నెను, చెంచాను మళ్లీ వంటకు వాడకూడదు. పిల్లలకు, కోళ్లకు, కుక్కలకు అందని చోటే డబ్బా ఉండాలి. పొరపాటున ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా, 108కి ఫోన్ చేసి, మందు పొట్లం వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లాలి.

డబ్బాను బారు మీద కాక, బారుకు బెత్తెడు దూరంలో, మీరు పెన్సిల్‌తో గుర్తు పెట్టిన తోవ పక్కన పెట్టండి. మొదటి రోజు చీమలు తగ్గకపోగా పెరుగుతాయి. ఇది చూసి చాలామంది కంగారుపడి స్ప్రే తీస్తారు, అంతటితో చేసిన పనంతా వృథా అవుతుంది. ఎర దగ్గరి గుంపును ముట్టుకోకండి. దూది ఆరిపోతే చీమలు రావు కాబట్టి రెండు రోజులకొకసారి కొత్త ఎర పోయండి, ఎండాకాలంలో రోజూ చూడండి. సాధారణంగా వారం నుంచి మూడు వారాల్లో బారు పలుచబడుతుంది. పసుపు చీమల గుంపులు పలుచోట్ల ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా ఓపిక కావాలి, కనబడిన ప్రతి చోటా ఒక డబ్బా పెట్టాలి.

ఈ రోజుల్లో ఎరకు పోటీగా ఇంట్లో ఇంకే తిండీ చీమలకు దొరకకూడదు. బెల్లం, చక్కెర, బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాల్లోకి మారాలి. మూత పట్టని గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టే పాత పద్ధతి మంచిదే, కాకపోతే గిన్నె అంచు గోడకు తగలకూడదు, నీళ్ల మీద దుమ్ము పొర కట్టకుండా రోజూ మార్చాలి, లేకుంటే ఆ పొర మీద నడిచే చీమలు దాటేస్తాయి. గ్యాస్ పొయ్యి అడుగు తప్పక ఎత్తి చూడండి, పొంగిన పాల చారలు అక్కడే ఎండిపోయి ఉంటాయి. కడప మీద పసుపు గీత కాసేపు బారును మళ్లిస్తుందే తప్ప పుట్టను ఏమీ చేయదు, పైగా ఎర వైపు రావలసిన చీమలను పక్కదారి పట్టిస్తుంది, అందుకని ఈ వారాల్లో దాన్ని మానేయండి.

వాన పడ్డ సాయంత్రం దీపం చుట్టూ రెక్కల పురుగులు చేరితే వాటిని ఒకసారి పరికించండి. నడుము సన్నగా, మీసాలు మోచేయిలా వంగి, ముందు రెక్కలు వెనక రెక్కల కన్నా పొడవుగా ఉంటే అవి రెక్కల చీమలు. నడుము లేకుండా, మీసాలు తిన్నగా, నాలుగు రెక్కలూ ఒకే పొడవులో ఉంటే అవి ఉసిళ్లు, అంటే చెదల జాతి. ఉసిళ్లు ఇంటి లోపలి గోడ నుంచో చౌకట్టు నుంచో లేస్తున్నట్టయితే ఈ ఎరతో పని జరగదు, చెదల మందు వేసేవారిని పిలిపించవలసిందే.

వచ్చే భాగం దాకా అభ్యాసం ఇది. ఒక కాగితం మీద మీ ఇంటి పటం గీసి, బారు ప్రవేశించే చోటు, మాయమయ్యే సందు, ఎర డబ్బాలు గుర్తించండి. పెన్సిల్ గుర్తుల్లో ఒకదాన్ని ఎంచుకొని, ప్రతి సాయంత్రం ఒకే వేళకు, ఒక నిమిషంలో దాన్ని దాటే చీమలను లెక్కించి తేదీతో సహా రాయండి. ఆ అంకె వరుసగా మూడు రోజులు సున్నా అయిన తర్వాతే వాసన దారిని సబ్బు నీళ్లతో తుడిచివేయండి. పగుళ్లను మాత్రం అప్పుడే పూడ్చకండి, బండల సందులకు వైట్ సిమెంటు పట్టించడం, గొట్టాల చుట్టూ రంధ్రాలు మూయడం, పునాది చుట్టూ మట్టిని సరిచేయడం మూడో భాగంలో వరుసగా చూద్దాం.