లూపు తోకలో వాలు ఎవరిది? (అయస్కాంత కొలతల పాఠం – 4వ భాగం)

కిందటి భాగంలో వీఎస్ఎం (శాంపిల్‌ను కంపింపజేసి దాని అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం) ఫైలును ఎక్సెల్‌లో తెరిచి ఫీల్డును (శాంపిల్ మీద పెట్టే అయస్కాంత క్షేత్రం) ఒక కాలమ్‌లో, మూమెంటును (శాంపిల్ చూపే అయస్కాంత బలం) పక్క కాలమ్‌లో సర్దుకున్నాం. ఈసారి ఆ అంకెలను దిద్దుదాం.

ముందు బరువు. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో చాలామంది పొడిని ఇక్కడ తయారుచేసుకుని కొలతకు చెన్నైకో హైదరాబాద్‌కో పంపుతారు, ఫైలు మెయిల్లో వస్తుంది. అందులో ఉన్నది ఈఎంయూనా (మూమెంటు కొలమానం), గ్రాముకి ఈఎంయూనా అన్నది హెడర్ చూసి తేల్చుకోండి. 20 మిల్లీగ్రాముల పొడికి 1.24 ఈఎంయూ వస్తే గ్రాముకి 62. ఇప్పటికే భాగించి ఉన్న ఫైలును మళ్ళీ భాగిస్తే 3,100 అవుతుంది. గది ఉష్ణోగ్రతలో ఇనుముకే సుమారు 218, కోబాల్ట్ ఫెర్రైట్ ముద్దకు దాదాపు 80. కాబట్టి ఫెర్రైట్‌కి వందలు దాటితే మెటీరియల్‌ను మెచ్చుకోకండి, బరువును అనుమానించండి. వానాకాలంలో సన్నటి పొడి తేమ పీలుస్తుంది. 20 మిల్లీగ్రాముల్లో ఒకటి నీరైనా 5 శాతం తప్పు. ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) చల్లార్చి, అప్పుడు తూయండి.

ఇక అసలు చిక్కు. ఫీల్డును పెంచి తగ్గిస్తూ మూమెంటును గీస్తే వచ్చే మూసిన గీతే లూపు. లూపు రెండు చివర్లా (అవే తోకలు) గీత అడ్డంగా సాగకుండా కాస్త ఏటవాలుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నొక్కుతో ఆ వాలు తీసేయొచ్చు, చాలామంది తీసేస్తారు కూడా. తీసేముందు అది ఎవరి వాలో తెలియాలి.

సిలికాన్ ముక్క మీద 50 నానోమీటర్ల నికెల్ పొర ఉందనుకోండి. 5 మిల్లీమీటర్ల చదరానికి పొర మూమెంటు సుమారు 0.0006 ఈఎంయూ. అర మిల్లీమీటరు మందం సిలికాన్ డయామాగ్నటిక్ (ఫీల్డుకు ఎదురు తిరిగే పదార్థం) కాబట్టి 15,000 ఓర్‌స్టెడ్ (ఫీల్డు కొలమానం) దగ్గర దాదాపు 0.00005 ఈఎంయూ వ్యతిరేక దిశలో లాగుతుంది. అంటే 8 శాతం. ఆ కిందికి దిగే వాలు సిలికాన్‌ది, తీసేయాల్సిందే. రెండు తోకల్లోనూ పొర సంతృప్తమైన (ఫీల్డు పెంచినా దాని మూమెంటు ఇక పెరగని) భాగానికి మాత్రమే స్లోప్ ఫంక్షన్ వేసి సగటు తీసుకోండి. ఆ సగటును ప్రతి ఫీల్డుతో గుణించి మూమెంటులోంచి తీసేయండి.

కోబాల్ట్ ఫెర్రైట్ పొడి సంగతి వేరు. 12,000 దగ్గర 60.8, 15,000 దగ్గర 62.0 ఉంటే వాలు ఓర్‌స్టెడ్‌కి 0.0004. దాన్ని తీసేస్తే 15,000 దగ్గర 6 పోయి 56 మిగులుతుంది. కానీ అనైసోట్రపీ (అయస్కాంతత్వం ఒక దిశకే మొగ్గే గుణం) ఎక్కువున్న ఈ పదార్థం ఆ ఫీల్డులో ఇంకా సంతృప్తం కాలేదు. అసలు విలువ 62కి పైనే. బ్యాక్‌గ్రౌండ్ అనుకుని శాంపిల్ సొత్తునే కోసేశామన్నమాట. పైకెక్కే వాలు కనబడితే చెయ్యి ఆపండి. జెలటిన్ క్యాప్సూల్ గురించి బెంగ ఉంటే ఖాళీ క్యాప్సూల్ కొలత కూడా అడిగి తెప్పించుకోండి, గ్రాములతో భాగించకముందే మూమెంటులోంచి తీసేయండి. క్యాప్సూల్ వంతుకు మీ పొడి బరువుతో సంబంధం లేదు మరి. 20 మిల్లీగ్రాముల ఫెర్రైట్‌కి అది లెక్కలోకి రానంత తక్కువ.

కోయెర్సివిటీ, అంటే మూమెంటును సున్నాకి తేవడానికి కావలసిన ఎదురు ఫీల్డు, సులువే. ఫీల్డు తగ్గేటప్పుడు −180 దగ్గర +0.9, −220 దగ్గర −0.7 ఉంటే సున్నా దాటేది −202.5 దగ్గర: 40ని 0.9తో గుణించి 1.6తో భాగిస్తే 22.5, −180 నుంచి అంత అవతలికి జరిపాం. పెరిగేటప్పుడు +207.5 వచ్చిందనుకోండి. రెండింటి సగటు 205, లూపు జరుగుడు 2.5. ఇంత చిన్న జరుగుడు చూసి ఎక్స్‌చేంజ్ బయాస్ (శాంపిల్ లోపలి కారణంతో లూపు పక్కకు జరగడం) అని రాసేయకండి. హాల్ ప్రోబ్ (ఫీల్డును కొలిచే పరికరం) సున్నా కాస్త తప్పినా ఇలాగే కనిపిస్తుంది. సున్నా చుట్టూ 500 ఓర్‌స్టెడ్ అంగలతో తీసిన ఫైలైతే ఈ లెక్క పనికిరాదు. ±1,000 లోపల 20–50 అంగలతో తీయమని శాంపిల్ పంపేటప్పుడే కవరు మీద రాయండి.

సంతృప్తం కాని ఫెర్రైట్‌కి ఆ 62 పైన అసలు విలువ ఎంతో, ఫీల్డు వర్గానికి విలోమంగా గ్రాఫు గీసి 5వ భాగంలో తీద్దాం. అప్పటికి మీ ఫైల్లో 10,000 పైనున్న పాయింట్లను వేరే షీటులో పెట్టుకోండి.