తీర్మానం చేసుకున్నా మళ్ళీ అదే పాపంలో పడుతుంటే: సమస్య, కారణం, పరిష్కారం

లక్షణం: ఉపవాస ప్రార్థనలో కన్నీళ్లతో తీర్మానం చేసుకుంటారు. రెండు మూడు వారాలు బాగానే గడుస్తాయి. ఒక రాత్రి మళ్ళీ అదే ఫోను, అవే అశ్లీల వీడియోలు. ఆ తర్వాత వారమంతా బైబిలు ముట్టరు. ఆదివారం వెనక కూర్చుని ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే) సమయానికి లేచి బయటికి వెళ్ళిపోతారు. డిసెంబరు 31 రాత్రి కూడికలో మళ్ళీ కొత్త తీర్మానం. ఇక్కడ ఫోను సంగతే తీసుకుంటున్నాం గానీ మందుకీ, కోపంలో నోరు పారేసుకోవడానికీ వరస ఇదే. మారుమనస్సు, బాప్తిస్మం, వాక్యం చదివే అలవాటు ఉన్నవారి కోసమే ఇది.

ముందు చూడాల్సింది: రాత్రి ఫోను ఎక్కడ ఉంటోంది? మూడు రోజులు ఉపవాసం ఉండటానికి సిద్ధపడేవారు కూడా దిండు పక్కనుంచి ఫోను తీయరు! రాత్రి పదింటికి దాన్ని హాల్లో ఛార్జింగుకి పెట్టేయండి, పొద్దున లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కోండి. ఇదేదో విశ్వాసం చాలనివాళ్ళు చేసే పని అనుకోకండి. యజమాని పోతీఫరు భార్య తప్పు చేయమని పట్టుకున్నప్పుడు యోసేపు అక్కడే నిలబడి ప్రార్థించలేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడు (ఆది. 39:12).

రెండోది: మీ పాపం పేరుతో సహా తెలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారా? "నా బలహీనత గురించి ప్రార్థన చేయండి బ్రదర్" అంటే ఒప్పుకున్నట్టు కాదు. యాకోబు 5:16 చెప్పింది పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని. పురుషులు పురుషునితో, స్త్రీలు స్త్రీతో చెప్పుకోండి. విశ్వాసంలో మీకన్నా ముందున్నవారై ఉండాలి, విన్నది కడుపులో దాచుకునేవారై ఉండాలి. ప్రార్థన అంశం అంటూ వాట్సాప్ గ్రూపులో పెట్టేసేవారికి మాత్రం చెప్పకండి.

ఈ రెండూ సరిచేసుకున్నా పడుతున్నారంటే, అసలు కారణం పడ్డ రాత్రిలో కాదు, ఆ తర్వాతి రోజుల్లో ఉంటుంది. పడగానే "ఏ మొహం పెట్టుకుని ప్రార్థించను?" అనిపిస్తుంది. కొన్నాళ్ళు బుద్ధిగా ఉండి, కాస్త యోగ్యత వచ్చాక దేవుని దగ్గరకు వెళ్దామనుకుంటారు. చూడటానికి ఇది పశ్చాత్తాపంలాగే ఉంటుంది, అందుకే ఎవరూ అనుమానించరు. కానీ ఆ నాలుగైదు రోజులూ వాక్యం లేదు, ప్రార్థన లేదు, సహవాసం లేదు. "ఎలాగూ చెడిపోయాను" అన్న దిగులు ఒకటే మిగులుతుంది, రెండోసారి పడేది ఆ దిగులులోనే.

లూకా 15 తీసి 19, 21 వచనాలు పక్కపక్కన పెట్టి చదవండి. తప్పిపోయిన కుమారుడు ఇంటికి బయలుదేరకముందే సిద్ధం చేసుకున్న మాటల్లో చివరిది "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము". తండ్రి ముందు ఆ మాట అతని నోట రాలేదు. అది రాకముందే తండ్రి ప్రశస్త వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. పడ్డాక వారం రోజులు దూరంగా ఉండటమంటే ఆ కూలిపని అడగడమే. కొడుకు స్థానం మీరు సంపాదించినది కాదు, పడితే పోవడానికి.

రోమా 6లో కూడా చాలామంది 12వ వచనంతో మొదలుపెడతారు: పాపాన్ని ఏలనివ్వకూడదు. దాని ముందున్న 11 చదవరు. పాపం విషయంలో మృతులమనీ, క్రీస్తుయేసులో దేవుని విషయమై సజీవులమనీ ఎంచుకోవడం ముందు. 12 మొదలయ్యేదే "కాబట్టి" అని. 11 లేకుండా 12 చేయబోతే మిగిలేది పళ్ళబిగువు, అది రెండు మూడు వారాలే ఆగుతుంది.

అందుకని పడ్డ రాత్రే, నిద్రపోకముందే ఇలా చేయండి. మోకాళ్ళూని పాపం పేరు పెట్టి ఒప్పుకోండి. 1 యోహాను 1:9 పైకి చదివి, క్షమించినందుకు స్తుతించండి. బతిమాలుతూ గంటలు గడపనక్కర్లేదు. తర్వాత రోమా 6:11 మీ పేరు పెట్టి చదవండి. ఫోను హాల్లో పెట్టే ముందు, ఆ ఒక్క మనిషికి "ఈ రాత్రి పడ్డాను" అని మెసేజ్ పంపండి. పొద్దున ఎప్పుడూ చదివే అధ్యాయమే చదవండి. ఆదివారం బల్ల వదలకండి: 1 కొరింథీ 11:28 పరీక్షించుకుని తినమంటోంది, పరీక్షించుకుని వెళ్ళిపోమనడం లేదు.

"ఇంత సులువైతే పాపం అలుసైపోదా?" అని అడుగుతారు. పౌలుకూ ఇదే ప్రశ్న ఎదురైంది, రోమా 6:1 అదే. అదే రాత్రి తండ్రి ముఖం చూసి, ఇంకో మనిషికి నిజం చెప్పడం ఎంత కష్టమో చేసి చూడండి. పాపాన్ని అలుసు చేసేది దాక్కుని గడిపిన ఆ వారం రోజులే.

దయ్యం పట్టిందేమో, వంశ శాపమేమో అని ఊరూరా ప్రార్థనలకు తిరగకండి; చాలామంది విషయంలో కారణం పైన చెప్పినదే. మీ పాపం వల్ల ఇంట్లో ఎవరైనా దెబ్బలు తింటుంటే, పిల్లలకు హాని జరుగుతుంటే మాత్రం రహస్యంగా ఒప్పుకుంటే సరిపోదు; ముందు వారిని కాపాడాలి, చట్టానికి చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ మందు తాగేవారు ప్రార్థన చేసి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణాపాయం కూడా. డాక్టరు పర్యవేక్షణలో మానండి, ప్రార్థన అక్కడ కూడా చేసుకోవచ్చు.