పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకునేవారు పేగును కాపాడుకునే విధానం, విటమిన్ ఈ సంగతి

గర్భాశయ ముఖద్వారానికో, పురీషనాళానికో క్యాన్సర్ సోకి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్లకు కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడానికి వెళ్లేవారిలో చాలామందికి రెండో వారమో మూడో వారమో విరేచనాలు మొదలవుతాయి. చిన్నపేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది. ఆ పొరను పుట్టించే మూలకణాలు రేడియేషన్‌కు తేలికగా చనిపోవడం వల్ల, పాత కణాలు రాలిపోతున్నా కొత్తవి తగినన్ని రాక, పొర పలచబడి ఒంట్లోని నీరు, లవణాలు బయటికి పోతాయి.

ఈ పొరను కాపాడగల పదార్థాల్లో గామా టోకోట్రైయెనాల్ ఒకటని అమెరికాలో ఎలుకలపై జరిగిన పరిశోధనలు తేల్చాయి. విటమిన్ ఈకి ఉన్న ఎనిమిది రూపాల్లో ఇదొకటి. మన మిల్లుల్లో వచ్చే తవుడు నుంచి తీసే నూనెలోనూ, పామాయిల్‌లోనూ ఇది సహజంగా ఉంటుంది. అయితే ఆ ఎలుకలకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల చొప్పున, రేడియేషన్‌కు 24 గంటల ముందు, చర్మం కింద సూది ద్వారా ఇచ్చారు. వంటనూనె మార్చినంత మాత్రాన ఆ మోతాదు ఒంటికి అందదు. రోగులకు ఇచ్చే మందుగా ఇది ఇంకా ఆమోదం పొందలేదు.

మందుల షాపులో దొరికే విటమిన్ ఈ గొట్టం మాత్రల్లో సాధారణంగా ఉండేది ఆల్ఫా టోకోఫెరాల్ అనే వేరొక రూపం. దీన్ని సొంతంగా మింగవద్దని గట్టిగా చెబుతున్నాను. కెనడాలో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ పొందిన 540 మందిపై జరిగిన అధ్యయనంలో రోజుకు 400 యూనిట్ల ఆల్ఫా టోకోఫెరాల్ తీసుకున్నవారికి, అది వాడిన కాలంలో రెండో క్యాన్సర్ ఎక్కువగా వచ్చింది, మరణాలు కూడా వారిలోనే ఎక్కువగా నమోదయ్యాయి. ఇప్పటికే ఏ విటమిన్ మాత్రయినా వాడుతున్నట్లయితే, మొదటి రోజే ఆ పట్టీని డాక్టరుగారికి చూపించండి.

పేగును నిజంగా కాపాడే పనుల్లో మొదటిది మూత్రాశయాన్ని నింపుకోవడం. నిండిన మూత్రాశయం చిన్నపేగును పైకి నెట్టి కిరణాల దారి నుంచి తప్పిస్తుంది. అందుకే ఎన్ని నీళ్లు తాగి ఎంతసేపు ఆగాలో ఆసుపత్రివారు చెప్పిన లెక్కను ప్రతిరోజూ ఒకేలా పాటించాలి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకు పైగా బస్సులో వచ్చేవారు దారిలో ఇబ్బందవుతుందని నీళ్లు మానేస్తుంటారు, దాంతో ఒళ్లు ఎండిపోయి, మూత్రాశయం సమయానికి నిండదు. వీలుంటే ఆ ఐదారు వారాలూ ఆసుపత్రికి దగ్గరలోనే బస చేయడం మేలు.

పథ్యం పేరిట చారన్నంతోనే సరిపెట్టుకోనక్కరలేదు. పీచు పదార్థాన్ని ముందే మానేయడం వల్ల ఉపకారం లేదని, తగినంత తిన్నవారికే బాధ తక్కువగా ఉందని ఒక పరీక్షలో తేలింది. కాబట్టి చోడి అంబలి, పప్పు, మెత్తగా ఉడికిన కూరలు కడుపు ఓర్చుకున్నంత వరకు తినవచ్చు. విరేచనాలు మొదలయ్యాక పాలు పడకపోవచ్చు, పలచని మజ్జిగ, అప్పుడే వార్చిన గంజి మేలు. రేడియేషన్‌తో పాటు కీమో కూడా నడుస్తుంటే, రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కనుక రోజుల తరబడి నిలవపెట్టిన తరవాణి వద్దు.

పలచని విరేచనం అయినప్పుడల్లా, పొట్లం మీద రాసినన్ని నీళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్ ఒక గ్లాసు తాగాలి. ఇన్ఫెక్షన్ లేదని డాక్టరు తేల్చకముందే విరేచనాలు కట్టే మాత్ర వేయకూడదు. జ్వరం, మలంలో రక్తం, తగ్గని కడుపునొప్పి, మూత్రం తగ్గిపోవడం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనబడినా మరుసటి విడత కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్స ముగిసిన నెలలకో ఏళ్లకో పేగు గట్టిపడడం, మలంలో రక్తం పడడం జరగవచ్చు. అప్పుడు ఊళ్లో చూసే డాక్టరు దాన్ని మొలలని పొరబడకుండా, ఏ భాగానికి ఎంత రేడియేషన్ ఇచ్చారో రాసిన డిశ్చార్జి కాగితాన్ని దాచుకుని, వెళ్లిన ప్రతిచోటా చూపించండి.