పత్తి చేనులో పురుగుల లెక్క – 5వ పాఠం: కాయ కోయడం, మళ్ళీ మొదటి నుంచి

ఈ వారం మందు పాఠం కావాల్సింది. అది చివర్లో కొంచెమే వస్తుంది. పోయిన పాఠంలో గులాబీ రంగు పురుగును లెక్కపెట్టడానికి రెండు పనులు చెప్పుకున్నాం: లింగాకర్షక బుట్టల (ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగ రెక్కల పురుగులను పట్టేవి) లెక్క, ఇరవై కాయలు కోసి చూడటం. రెండింటిలోనూ తప్పులు దొర్లాయి. లెక్క తప్పితే మందు ఎంత మంచిదైనా దండగే. అందుకే వెనక్కి వెళ్దాం.

ముందు బుట్టలు. మందు కొట్టాల్సిన హద్దు ఏమిటంటే బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగులు, అదీ వరుసగా మూడు రాత్రులు. తొమ్మిది రోజులు కవరు విప్పకుండా వదిలేసి, ఒకేసారి 60 లెక్కపెట్టి "హద్దు దాటింది" అంటే కుదరదు. అరవైని తొమ్మిదితో భాగిస్తే ఏడు కూడా రాదు. పైగా ఆ అరవై ఏ రాత్రి పడ్డాయో తెలియదు కాబట్టి ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. రోజూ పొద్దున్నే లెక్కపెట్టి, పారబోసి, రాసుకోవాలి. ఎకరాకు నాలుగు బుట్టలుంటే నాలుగింటినీ కలిపి నాలుగుతో భాగించాలి. ఒకదానిలో 19, మిగతా వాటిలో 3, 4, 2 పడితే సగటు 7. హద్దు రాలేదు. కానీ 19 పడ్డ బుట్ట వైపు ఏముందో చూడండి. నిరుటి పత్తి కట్టె కుప్పో, పత్తి నిల్వ చేసిన కొట్టమో, దగ్గర్లో జిన్నింగు మిల్లో ఉండి ఉంటుంది. కాయలు కోయడం ఆ మూల నుంచే మొదలుపెట్టండి.

బుట్టలో పెద్ద పెద్ద రెక్కల పురుగులు పడుతున్నాయంటే ఎర తప్పు తెచ్చారన్నమాట. శనగపచ్చ పురుగుకూ, పొగాకు లద్దె పురుగుకూ ఇదే బుట్ట, ఎర మాత్రం వేరు. గులాబీ రంగు పురుగు రెక్కల పురుగు బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, సెంటీమీటరు పొడవు కూడా ఉండదు. ఎరను చేత్తో పట్టుకోకండి, పొగాకు నలిపిన చేత్తో అసలే వద్దు. నెలకోసారి మార్చండి. మొక్క పెరిగేకొద్దీ బుట్టనూ పైకి జరపండి, మొక్క తల మీద ఒక అడుగు ఎత్తులో ఉండాలి.

బుట్టల సంగతి ఇంతే. ఇక కాయలు.

అందరూ చేసిన తప్పు ఒకటుంది: రంధ్రం ఉన్న కాయలు ఏరుకొచ్చి కోశారు. లోపల పురుగు దొరకలేదు. "పురుగు లేదు, చేను బాగుంది" అని రాసుకున్నారు. ఆ రంధ్రం పురుగు లోపలికి పోయిన దారి కాదు, బయటికి వచ్చిన దారి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు వెంట్రుక లావు కూడా ఉండదు. అది దూరిన చోటు కాయ పెరిగేకొద్దీ పూడిపోతుంది, పైన ఏ గుర్తూ మిగలదు. లోపల దాదాపు రెండు వారాలు తిని, ఎదిగాక, రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం చేసుకుని కిందికి దిగి మట్టిలో కోశస్థ దశకు (ప్యూపాగా) పోతుంది. అంటే రంధ్రమున్న కాయ ఖాళీ చేసిన ఇల్లు. దాన్ని కోసి పురుగు కోసం వెతకడం, తప్పిపోయిన మేకను నిన్నటి మందలో వెతికినట్టే. అలాగని రంధ్రాల కాయలన్నీ లెక్కపెట్టి హద్దు దాటిందనడం కూడా తప్పే. అది రెండు మూడు వారాల కిందటి కథ.

కోయాల్సింది పైకి ఏ మచ్చా లేని పచ్చి కాయ. వయసు 14 నుంచి 20 రోజులు, అడ్డంగా ఒక అంగుళం ఉంటుంది, బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోతుంది. రాయిలా గట్టిగా ఉంటే ముదిరిన కాయ, వదిలేయండి. చేతికి అలవాటయ్యేదాకా ఒక చిట్కా: పత్తి పువ్వు విచ్చిన రోజు లేత తెలుపులో ఉంటుంది, మర్నాటికి గులాబీకి తిరుగుతుంది. ఈ రోజు తెల్లగా ఉన్న పది పువ్వుల కాడలకు ఎర్ర దారం కట్టండి. పదిహేనో రోజు ఆ కాయలు నొక్కి చూడండి. ఆ మెత్తదనం వేళ్ళకు ఒకసారి తెలిస్తే స్కేలు అక్కర్లేదు.

గట్టు పక్క నాలుగైదు సాళ్ళు వదిలి, చేనులో అడ్డదిడ్డంగా నడుస్తూ ఇరవై మొక్కల నుంచి ఒక్కో కాయ తెంపండి. కిందపడ్డవి వద్దు. తొనల అతుకుల వెంట చీల్చి, ముందు దూదిని కాదు, తొక్క లోపలి వైపు చూడండి. సన్నటి వంకర గీతలు, బుడిపెలు కనిపిస్తే పురుగు దూరినట్టే. తర్వాత గింజలు విప్పండి. రెండు గింజలు అతికినట్టు కనిపిస్తే మధ్యలో పురుగు దాగి ఉండొచ్చు.

"తెల్ల పురుగే కనిపించింది, గులాబీది కాదు" అని లెక్కలో వేయనివాళ్ళూ ఉన్నారు. చిన్నప్పుడు అది తెల్లగానే ఉంటుంది, తల ఒక్కటే నల్లగా ఉంటుంది. గులాబీ పట్టీలు ఎదిగాక వస్తాయి. తెల్లదీ లెక్కే. మచ్చ ఉండి పురుగు గానీ, తొక్క లోపల గీత గానీ లేకపోతే అది రసం పీల్చే నల్లుల పనో, వాన కుళ్ళో, లెక్కలోకి రాదు. పెద్ద రంధ్రం, దాని చుట్టూ పెంట ఉంటే శనగపచ్చ పురుగు. ఇక "బీజీ-2 విత్తనం (కాయ పురుగులను చంపే విషం మొక్కలోనే తయారయ్యే బీటీ పత్తి) కదా" అనే మాట వదిలేయండి. 2006లో వచ్చిన ఆ విత్తనంలోని రెండు విషాలకూ మన దేశంలో గులాబీ పురుగు తట్టుకోవడం నేర్చేసింది.

ఇరవైలో రెండు కాయల్లో బతికున్న పురుగు ఉంటే హద్దు వచ్చినట్టు. బుట్ట ఒక మాట, కాయ ఒక మాట చెబితే నేను కాయనే నమ్ముతాను. రెక్కల పురుగు పక్క చేను నుంచి కూడా ఎగిరొస్తుంది. కాయలోది మాత్రం మీ చేనుదే.

గుడ్డి పూల (లోపల పురుగు ఉండి రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయినవి) గురించి రెండో పాఠంలో చెప్పాను. తెంపినవి సాళ్ళలో పడేయకుండా కవర్లో వేసుకెళ్ళి కాల్చండి.

ఇప్పుడు మందు. ముందొక సంగతి: కాయ లోపలున్న పురుగును ఏ మందూ చంపదు. మనం కొట్టేది గుడ్డు మీదా, దూరబోయే పిల్ల పురుగు మీదా, రెక్కల పురుగు మీదా. అందుకే సాయంత్రం కొట్టడం మేలు. ప్రొఫెనోఫాస్ 50 ఈసీ లీటరుకు 2 మి.లీ., లేదా థయోడికార్బ్ 75 డబ్ల్యూపీ లీటరుకు 1.5 గ్రాములు. పదహారు లీటర్ల ట్యాంకుకు అయితే 32 మి.లీ., లేదా 24 గ్రాములు. బాటిల్ మూతతో కొలవకండి. ఈ ఎదుగుదలలో ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు పడతాయి, అంటే పన్నెండు పదమూడు ట్యాంకులు. ఆరు ట్యాంకులతో ముగిస్తే లోపలి కాయలకు చుక్క తగలదు. రెండు మూడు మందులు కలపొద్దు. షాపాయన టానిక్ కూడా కలిపి ఇస్తే ఆ టానిక్ అక్కడే వదిలేసి రండి. పైరెత్రాయిడ్లు (సైపర్‌మెత్రిన్ లాంటి మందులు) విత్తిన 120 రోజులు దాటాకే, అదీ ఒక్కసారే. ముందే కొడితే తెల్లదోమ విరుచుకుపడుతుంది.

మనిషెత్తు పత్తిలో గాలికి ఎదురు నడుస్తూ కొట్టొద్దు. 2017లో ఆదిలాబాద్ పక్కనే ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందులు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండాలి.

కొట్టిన వారానికి మళ్ళీ కాయ కోసినప్పుడు ముదురు కాయలో పురుగు కనబడి "మందు పనిచేయలేదు" అంటారు. అది మందు కన్నా ముందే దూరింది. లేత కాయలే చూడండి.

అభ్యాసం. ఈ వారం రోజు విడిచి రోజు మూడుసార్లు, చేనులో మూడు వేర్వేరు చోట్ల, ఒక్కో చోట ఇరవై కాయలు. మొత్తం నూట ఎనభై. ఎక్కువే, తెలుసు. ప్రతి కాయకూ నోటు పుస్తకంలో ఒక గడి గీసి పురుగు ఉందా, ఉంటే తెల్లదా గులాబీదా, గీతలు ఉన్నాయా లేవా రాయండి. మొదటి ముప్పై కాయల దాకా తడబడతారు. ఎర్ర దారాలు మాత్రం ఈ రోజే కట్టండి, ఆరో పాఠానికి ఆ కాయలు కావాలి.