గూగుల్‌లో దొరకాలి, వచ్చినవాళ్లు చదవాలి: తెలుగు వెబ్ పేజీ రాసే పద్ధతి

ఆవకాయ అమ్మే చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ ఉందనుకుందాం. అందులో ఆవకాయ కొలతల మీద ఒక పేజీ రాయాలి. రాయడానికి ముందే గూగుల్‌లో "ఆవకాయ" అని కొట్టి, కింద వచ్చే సూచనలన్నీ కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. మనవాళ్లు చాలామంది ఫోన్లో తెలుగుని అలాగే టైప్ చేస్తారు కాబట్టి రెండు జాబితాలూ ఒకేలా ఉండవు. వాటిలోంచి ఒక్క ప్రశ్న తీసుకోండి: "కిలో ముక్కలకు ఉప్పు ఎంత?" ధరలకు, పార్సిల్ వివరాలకు వేరే పేజీలు పెట్టండి.

జవాబు మొదటి రెండు మూడు వాక్యాల్లోనే చెప్పేయాలి. "తెలుగువారి భోజనంలో పచ్చళ్లకు విశిష్ట స్థానం ఉంది" అనే ఎత్తుగడ కొట్టేయండి. ముక్కలు కోసి పళ్లెంలో పెట్టుకున్న మనిషికి కావలసింది కొలత. ఆ తర్వాత వివరాలు: ముక్కకు తడి ఉంటే బూజు ఎలా పడుతుంది, మూడో రోజు తిరగ కలిపినప్పుడు నూనె పైకి తేలకపోతే ఏం చేయాలి. ఇవి చేయి తిరిగినవాళ్లకే తెలుస్తాయి, పేజీకి విలువ వీటితోనే వస్తుంది. ఉపశీర్షికలను జనం అడిగే ప్రశ్నల్లాగే పెట్టండి.

"ఆవకాయ" అన్న మాట టైటిల్లో (గూగుల్ ఫలితాల్లో కనిపించే పేరు), పేజీ పైన ఉండే శీర్షికలో, మొదటి పేరాలో, ఒక ఉపశీర్షికలో ఉంటే చాలు. వాక్యానికోసారి ఇరికిస్తే చదివేవాళ్లకు విసుగు, గూగుల్ నియమాల ప్రకారం అది స్పామ్ కూడా. మెటా కీవర్డ్స్ గడి (చదివేవాళ్లకు కనిపించకుండా వెతుకులాట మాటలు రాసే చోటు) నింపడం వృథా. ర్యాంకుకు, అంటే ఫలితాల్లో పేజీ స్థానానికి, దాన్ని వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పింది. మెటా డిస్క్రిప్షన్ (ఫలితాల్లో టైటిల్ కింద కనిపించేందుకు రాసే వివరణ) ర్యాంకు పెంచదు గానీ క్లిక్ చేయాలనిపిస్తుంది, అందుకని రెండు వాక్యాలు శ్రద్ధగా రాయండి. టైటిల్ పొడవైతే ఫలితాల్లో చివర తెగిపోతుంది కాబట్టి అసలు మాట ముందు, దుకాణం పేరు చివర.

తెలుగు పేజీలు ఎక్కువగా దెబ్బతినేది లిపి దగ్గర. అచ్చు పని (డీటీపీ)లో వాడే అను తెలుగు ఫాంట్లతో కొట్టిన పాఠం తెర మీద తెలుగులా కనిపించినా, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. దాన్ని నేరుగా అతికిస్తే గూగుల్‌కు ఒక్క తెలుగు మాటా కనిపించదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఏ ఫోనైనా, కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి) మార్చి, వత్తులు, పొల్లులు ఒక్కో వరుసా సరిచూడండి. పరీక్ష సులువే: పేజీలోని ఒక వాక్యం కాపీ చేసి, ఫోన్లో సెర్చ్ పెట్టెలో అతికించండి. తెలుగు అక్షరాలే వస్తే పని సరిగ్గా జరిగినట్టు. కొలతల పట్టికను పోస్టరులా బొమ్మ చేసి పెట్టకండి. తెర మీది పాఠాన్ని అంధులకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ) చూసినది చూసినట్టు ఉండాలి: "జాడీలో ఆవకాయ, పైన తేలిన నూనె".

పేజీ చిరునామా తెలుగులో పెట్టినా గూగుల్‌కు ఇబ్బంది లేదు. కానీ కాపీ చేసినప్పుడు ఒక్కో తెలుగు సంకేతం (అక్షరం, దీర్ఘం లాంటివి) తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. "ఆవకాయ"లో ఆ సంకేతాలు ఐదు, అంటే 45 గుర్తులు. వాట్సాప్‌లో పంపితే ఆ వరుస చూసి ఏదో మోసపు లింకు అనుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో, పదాల మధ్య హైఫన్‌తో, రెండు మూడు మాటల్లో పెట్టడం మేలు.

నెల తర్వాత, మీ సైట్ గూగుల్ ఫలితాల్లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం సెర్చ్ కన్సోల్‌లో పనితీరు నివేదిక తెరవండి. అందులో 16 నెలల లెక్క దొరుకుతుంది. పేజీ చాలాసార్లు కనిపించి క్లిక్కులు రాకపోతే ముందు టైటిల్ మార్చి చూడండి. "ఆవకాయ చేదెక్కితే" లాంటి వెతుకులాటకు మీ పేజీ కనిపిస్తూ, అందులో జవాబు లేకపోతే ఒక పేరా చేర్చండి. ఒకసారికి ఒక్కటే మార్చి కొన్ని వారాలు ఆగండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.