చలికాలం తర్వాత అంజీర మొక్క మోడుబారిందా? సమస్య - పరిష్కారం

సంక్రాంతి వెళ్లాక విజయవాడ, గుంటూరు మిద్దె తోటల వాళ్లు ఒకరినొకరు అడిగే మాట ఇదే: "అంజీర ఆకులన్నీ రాలిపోయాయండీ, మొక్క పోయినట్టేనా?" పీకి పారేయకండి. అంజీర చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు. ముదిరిన కొమ్మలైతే సున్నాకు కింద ఐదారు డిగ్రీల చలిని కూడా ఓర్చుకుంటాయి. మన ఊళ్లలో జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే బాగా దిగడం అరుదు. అందుకే మన దగ్గర లేత మొక్క దెబ్బతింటే నేను ముందు నీళ్లనే అనుమానిస్తాను.

ఆకు ఒక్కటీ లేదు, కొమ్మలు మాత్రం గట్టిగా ఉన్నాయి

గోటితో బెరడును రవ్వంత గీకండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. కొసన ఎండినట్టు కనిపిస్తే కిందికి దిగుతూ మరో రెండు చోట్ల చూడండి. పచ్చదనం ఉన్నంతవరకూ చేయాల్సిందల్లా ఆగడమే. ఎరువు వేయొద్దు, రోజూ నీళ్లు పోయొద్దు. మాఘమాసం ఎండకు మొగ్గలు కదులుతాయి. కొన్ని మొక్కలకు మన చలి చాలక సగం ఆకులు అలాగే ఉండిపోతాయి, అదీ జబ్బు కాదు.

కొమ్మ కొసలు నల్లబడి ముడుచుకుపోయాయి

అక్టోబరు, నవంబరుల్లో యూరియా గానీ, ఘాటైన పశువుల ఎరువు గానీ వేసి ఉంటారు. దాంతో వచ్చిన లేత చిగురు ముదరకముందే మంచు, చలిగాలి తగులుతాయి. ఎండిన భాగాన్ని పచ్చటి కణుపు దాకా వెనక్కి, ఏటవాలుగా కత్తిరించండి. కోత మీద బోర్డో పేస్టు పూయండి: 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా అర లీటరు చొప్పున నీళ్లలో కరిగించి, ప్లాస్టిక్ బకెట్‌లో కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి. అంజీర పాలు చర్మానికి అంటుకుని, పైన ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి.

మొదలు మెత్తబడింది, మట్టి కుళ్లు వాసన వస్తోంది

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. ఆకు లేని మొక్కకు నీటి ఖర్చు చాలా తక్కువ. పాత అలవాటు కొద్దీ రోజూ చెంబెడు పోస్తే ఆ నీరు కుండీలోనే నిలుస్తుంది, వేళ్లకు గాలి ఆడదు. దీనికి తోడు మనకు డిసెంబరులోనూ తుఫాను వానలు ఉంటాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటినప్పుడు కురిసినలాంటి వాన నిద్రలో ఉన్న మొక్క మీద పడితే కుండీ అడుగు రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో అదే రోజు చూసుకోవాలి. గుంటూరు వైపు నల్లరేగడిలో నాటిన వాళ్లకు కష్టం ఇంకా ఎక్కువ. నర్సరీ నుంచి వచ్చిన ఎర్రమట్టి ముద్దను అలాగే రేగడిలో పెడితే, చుట్టూ ఉన్న మట్టి నీటిని వదలదు.

మొక్కను కుండీ నుంచి తీసి వేళ్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి మంచివి. గోధుమ రంగుకు తిరిగి, లాగితే పొర ఊడి వచ్చేవి కుళ్లినవి; వాటిని కత్తిరించండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఎరువు ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి వేసి మళ్లీ నాటండి. వేళ్లు ఎంత తగ్గాయో కొమ్మలు కూడా అంత తగ్గించాలి. చిగురు వచ్చేదాకా నీడలో ఉంచి, రెండు అంగుళాల లోతున వేలు పెడితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయండి. నేలలో నాటిన మొక్కయితే అడుగు ఎత్తు మట్టి దిబ్బ మీదికి మార్చడం మేలు. కాండం చుట్టూతా మెత్తబడితే పై భాగం మీద ఆశ వదులుకోండి. పైన గట్టిగా ఉన్న కొమ్మలుంటే జానెడు ముక్కలుగా కోసి తడి ఇసుకలో గుచ్చండి, అంజీర కొమ్మ తేలిగ్గా వేరు పడుతుంది.

ఆకుల అడుగున తుప్పు రంగు పొడి

ఇది తుప్పు తెగులు. ఆకు మీద తడి ఎక్కువసేపు నిలిస్తే వస్తుంది. రాలిన ఆకులన్నీ ఏరి దూరంగా పారేయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయండి. నీళ్లు మొదట్లోనే పోయండి, ఆకుల మీద కాదు.

చిగురు వచ్చింది గానీ ఎదగడం లేదు

వేళ్ల మీద బుడిపెలు ఉన్నాయేమో చూడండి. ఉంటే నులిపురుగులు. అంజీరకు ఇవి పెద్ద శత్రువులు, ఇసుక నేలల్లో మరీను. మట్టి మార్చి, వేపపిండి వేయాలి. కాండానికి రంధ్రం పడి, కింద రంపపు పొట్టు రాలుతుంటే కాండం తొలిచే పురుగు. తీగతో గుచ్చి చంపి, రంధ్రాన్ని బంకమట్టితో మూసేయండి.

ఈ మరమ్మతులన్నీ శివరాత్రి లోపల ముగించండి. మే నెలలో మన ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి, అప్పుడు మళ్లీ నాటిన మొక్క నిలవడం చాలా కష్టం. నాలుగైదు ఆకులు విచ్చుకున్నాకే ఎరువు మొదలుపెట్టండి. కోలుకుంటున్న మొక్కకు ఈ ఏడు వచ్చే పిందెలను చిన్నగా ఉన్నప్పుడే తుంచేయండి.