హంతకుడి పేరు బయటపెట్టకుండా మిస్టరీ నవల గురించి మాట్లాడుకోవడం ఎలా?

మిస్టరీ నవల పూర్తవగానే ఎవరితోనైనా మాట్లాడెయ్యాలనిపిస్తుంది, కానీ ఎదుటివాళ్ళు ఇంకా చదవలేదంటే నోరు కట్టేసుకోవాలి, అదీ అసలు ఇబ్బంది. వేరే నవలలకి ముగింపు ముందే తెలిసినా పెద్దగా పోయేదేం లేదు గానీ దీనికి ఒక్క పేరు జారితే చాలు, రచయిత కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. లండన్‌లో 1952లో మొదలైన అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' చూశారా, ఆట అయ్యాక హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకుల్నే అడుగుతారు. అలాగని నోరు మూసుక్కూర్చోవాలా అంటే అక్కర్లేదు, కొంచెం పద్ధతిగా మాట్లాడితే సరిపోతుంది.

1. చదువుతున్నప్పుడే అనుమానాలు రాసుకోండి

ముగింపు తెలిశాక మన బుర్ర మనల్నే మోసం చేస్తుంది, "నాకు మొదట్నుంచీ వాడి మీదే డౌటు" అనిపిస్తుంది, తీరా చూస్తే కథలో ఉన్న అందర్నీ ఏదో ఒక టైమ్‌లో అనుమానించే ఉంటాం. అందుకే నాలుగైదు చాప్టర్లకోసారి ఆగి ఎవరి మీద అనుమానం, ఎందుకు, ఏ పేజీలో అని రెండు ముక్కలు రాసి పెట్టుకోండి. తర్వాత చర్చలో ఇదే మీ సాక్ష్యం.

2. ఎదుటివాళ్ళు ఎంతవరకు చదివారో అడగండి

"చదివావా?" అని కాదు, "ఎన్నో చాప్టర్‌లో ఉన్నావు?" అని అడగాలి. అంతవరకే మాట్లాడాలి.

3. స్పాయిలర్ (కథ గుట్టు ముందే బయటపెట్టే మాట) అంటే పేరొక్కటే కాదు

చాలామంది ఇక్కడే దొరికిపోతారు. "ట్విస్ట్ అదిరిపోయింది, అస్సలు ఊహించలేవు" అన్నారనుకోండి, మీరేం చెప్పలేదనే అనుకుంటారు, కానీ అది విన్నవాడు మొదటి పేజీ నుంచే ఎదురుగా కనిపించే అనుమానితుణ్ని పక్కన పెట్టేసి ఎవరూ పట్టించుకోని పాత్ర మీద కన్నేస్తాడు. రెండు సీన్లలో కనిపించే పాత్రని పనిగట్టుకుని "భలే రాశాడు" అని మెచ్చుకున్నా అంతే. ఇంకా ఘోరం ఏంటంటే "ఇది కూడా అచ్చం ఫలానా నవల లాగే ముగుస్తుంది" అనడం, ఒక్క మాటతో రెండు పుస్తకాలు పోయాయి. కథ ఎంత చెప్పొచ్చు అంటే నా లెక్కలో మొదటి హత్య జరిగి డిటెక్టివ్ రంగంలోకి దిగేదాకా (కొన్ని పుస్తకాల వెనక అట్ట మీద రాసేదే అంతకంటే ఎక్కువుంటుంది, అది వేరే సంగతి).

మరి ఏం చెప్పాలి? చాలా ఉంటాయి. డిటెక్టివ్ ఎలాంటి మనిషి, కథ పరిగెత్తుతుందా నత్తనడకా, రక్తపాతం ఎంత, బుర్రకి పజిల్ లాంటిదా లేక మనుషుల మనసుల గురించా, ఇవన్నీ చెప్తే చదవాలో వద్దో వాళ్ళే తేల్చుకుంటారు.

4. బాగుందా లేదా అని కాదు, రచయిత న్యాయంగా ఆడాడా అని చూడండి

ఇద్దరూ చదివేశాక అసలు మజా ఇక్కడే ఉంటుంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత, ఆయన చర్చిలో ఫాదర్ కూడా, డిటెక్టివ్ కథలకి పది రూల్స్ రాశాడు: నేరస్థుడి ప్రస్తావన కథ మొదట్లోనే రావాలి, డిటెక్టివ్‌కి దొరికిన క్లూ పాఠకుడికీ చూపించాలి, రహస్య గదో దారో ఒకటికి మించి ఉండకూడదు, ఇలాంటివి. అన్నీ పాటించాలని కాదు, ఆయన కంటే ముందే 1926లో అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' రాస్తే అది మోసమా తెలివా అని పాఠకులు కొట్టుకున్నారు, ఎందుకో మాత్రం నేను చెప్పను.

మీ నవల పట్టుకుని వెనక్కి వెళ్ళండి. అసలు క్లూ ఎక్కడ పెట్టాడు, ఎలా దాచాడు? చాలాసార్లు ఏదో సామాన్ల లిస్టు మధ్యలోనో, గొడవ మొదలవడానికి ఒక్క లైను ముందో ఉంటుంది, మన కళ్ళు దాటేసి వెళ్ళిపోతాయి. హంతకుడి మోటివ్‌కి ముందే ఎక్కడైనా సూచన ఉందా, లేక చివరి చాప్టర్‌లో పాత పగ ఒకటి ఊడిపడిందా? డిటెక్టివ్ లాజిక్‌తో పట్టుకున్నాడా, లేక నాలుగు మాటలనగానే హంతకుడే అంతా ఒప్పేసుకున్నాడా? రెండో రకం నాకైతే బద్ధకంగా అనిపిస్తుంది, కాదనేవాళ్ళతో వాదించడానికి రెడీ.

5. రాసి పంపేటప్పుడు హెచ్చరిక సరిగ్గా పెట్టండి

ఊరికే "స్పాయిలర్ ఉంది" అంటే చాలదు, ఏ పుస్తకానికి, ఎంతవరకు అనేది ముందే రాయాలి, తర్వాత నాలుగైదు లైన్లు ఖాళీ వదలాలి. సిరీస్ అయితే ఇంకా జాగ్రత్త, మూడో పుస్తకంలో మామూలుగా కనిపించే సంగతి మొదటి పుస్తకానికి ముగింపు అయ్యుండొచ్చు.

6. "నేను యాభయ్యో పేజీలోనే పట్టేశా" అనేవాళ్ళతో

ప్రతి గుంపులో ఒకరుంటారు. గొడవ పడకుండా "ఏ క్లూతో పట్టుకున్నావ్?" అని అడగండి, ఎందుకంటే గెస్ చేయడం వేరు, తేల్చడం వేరు. క్లూ చూపిస్తే నిజంగా మనకే ఉపయోగం, మనం ఎక్కడ దాటేశామో తెలుస్తుంది. చూపించలేకపోతే టాపిక్ దానంతటదే మారిపోతుంది.

ఇక మీరు చెప్పిన నవల ఎవరైనా మొదలుపెడితే రోజూ "ఎంతవరకు వచ్చింది, ఎవరి మీద డౌటు" అని వెంటపడకండి. వాళ్ళు సరైన పేరు చెప్పగానే మీ మొహంలో నవ్వు చూసి పట్టేస్తారు.